సంఘం లెక్కలు కంప్యూటరు కెక్కుతున్నాయి: రైతులు ఏం చూసుకోవాలి?

ఊళ్ళో ప్రాథమిక సహకార పరపతి సంఘం రైతుకు బ్యాంకు కన్నా దగ్గర. పంట రుణం అక్కడే తీసుకుంటాడు. ఎరువుల బస్తాలు అక్కడే మోసుకుంటాడు. ఇంట్లో ఆపద వస్తే ఆడవాళ్ళ మెడలోని గొలుసు కూడా అక్కడికే చేరుతుంది. అటువంటి సంఘం లెక్క ఒక్క అంకె తప్పినా రైతు కుటుంబానికి అది చిన్న సంగతి కాదు.

ఇప్పుడు దేశమంతటా ఈ సంఘాల లెక్కలు చోటు మారుతున్నాయి. కొన్ని చోట్ల చిట్టా, ఆవర్జాల్లోంచి తిన్నగా కంప్యూటరులోకి వెళ్తున్నాయి. మరికొన్ని చోట్ల పదేళ్ళ కిందటో, పదిహేనేళ్ళ కిందటో కొన్న పాత కంప్యూటర్లలోంచి కొత్త ఏర్పాటులోకి వెళ్తున్నాయి. ఈ మార్పు సవ్యంగా జరిగితే రైతుకు మేలు. హడావుడిగా జరిగితే ఏమవుతుందో చెప్పడానికి దేశ విదేశాల్లో చాలా అనుభవాలే ఉన్నాయి.

2,516 కోట్ల పని

సహకార సంఘాలకు మన దేశంలో 1904లో మొదటి చట్టం వచ్చింది. అప్పటి నుంచీ సంఘం అంటే పుస్తకాలే. రోజువారీ రాబడి, ఖర్చు చిట్టాలోనూ, ఎవరి ఖాతా వారిది ఆవర్జాలోనూ రాసుకోవడం పద్ధతి. బ్యాంకులు కంప్యూటర్ల దారి పట్టిన తర్వాత కూడా చాలా సంఘాలు ఆ పుస్తకాల దగ్గరే ఉండిపోయాయి. 2005లో వైద్యనాథన్ సంఘం తన నివేదికలో సహకార సంఘాలన్నిటికీ ఒకే రకమైన లెక్కల పద్ధతి, కంప్యూటర్లు కావాలని చెప్పింది. కొన్ని రాష్ట్రాలు అప్పట్లోనే కంప్యూటర్లు కొన్నాయి. అయితే ఎవరి సాఫ్టువేరు వారిది. ఒక సంఘం లెక్క పక్క సంఘం లెక్కతో పోలదు. జిల్లా సహకార కేంద్ర బ్యాంకుతో ముడి లేదు. కంప్యూటరు ఉన్నా, నెలాఖరుకు కాగితాలు పట్టుకుని బ్యాంకుకు పోవలసిందే.

ఈ పరిస్థితి మార్చడానికి 2022 జూన్ 29న కేంద్ర మంత్రివర్గ సంఘం ఒక పథకాన్ని ఆమోదించింది. 63 వేల సంఘాలు, అయిదేళ్ళ గడువు, 2,516 కోట్ల రూపాయల ఖర్చు. అంటే ఒక్కో సంఘానికి సగటున సుమారు 4 లక్షలు. నాబార్డు ద్వారా ఈ పని నడుస్తుంది. దేశానికంతటికీ ఒకే సాఫ్టువేరు. సంఘం, జిల్లా బ్యాంకు, రాష్ట్ర సహకార బ్యాంకు ఒకే దారాన గుచ్చిన పూసల్లా ఉండాలన్నది ఉద్దేశం. 2024 ఫిబ్రవరి 24న 18 వేల సంఘాల కంప్యూటరీకరణను ప్రధాని ప్రారంభించారు. ఆ తర్వాత మరిన్ని సంఘాలను కూడా పథకంలో చేర్చారు.

డబ్బు వచ్చింది. కంప్యూటరు వచ్చింది. ప్రింటరు, వేలిముద్ర యంత్రం వచ్చాయి. కానీ ఇల్లలకగానే పండగ కాదు. అసలు పని అక్కడి నుంచే మొదలవుతుంది.

పాత పుస్తకమే అసలు చిక్కు

కంప్యూటరు కొనడం సులువు. పాత లెక్కను కొత్త చోటికి చేర్చడమే కష్టం. దీనికొక ఉదాహరణ చెప్పుకుంటే విషయం తేలిక అవుతుంది.

ఒక సంఘంలో సభ్యులందరి బాకీ కలిపి 1 కోటి 20 లక్షలని పెద్ద పుస్తకం చెబుతోందనుకుందాం. ఆవర్జాలో ఒక్కొక్క సభ్యుని ఖాతా తీసి కూడితే 1 కోటి 19 లక్షల 40 వేలే వచ్చిందనుకుందాం. మధ్యలో 60 వేలు ఎక్కడికి పోయాయి? ఎవరో కట్టిన వాయిదా ఆవర్జాలో జమ అయి పెద్ద పుస్తకంలో ఎక్కలేదా? ఇచ్చిన అప్పు ఒక ఖాతాలో రాయడం మరిచారా? ఏ ఏటిదో మొండి బకాయి పేజీ చిరిగిపోయిందా? పుస్తకాల్లో ఈ తేడా ఏళ్ళ తరబడి నెట్టుకొస్తారు. కంప్యూటరు మాత్రం ఒప్పుకోదు. రెండు పక్కలూ సరిపోతేనే ముందుకు కదులుతుంది.

అప్పుడేం చేస్తారు? ఓపిక గల కార్యదర్శి అయితే పాత రశీదులు తిరగేసి, తప్పు పట్టుకుని, దిద్దుతాడు. గడువు తరుముతుంటే ఆ 60 వేలను అనామతు ఖాతాలో పడేసి పని ముగించేస్తాడు. కాగితం మీద లెక్క సరిపోతుంది. కానీ ఆ 60 వేలు ఎవరో ఒక రైతు సొమ్మో, ఎవరో ఒకరు తిన్న సొమ్మో అయి ఉంటుంది. అది అక్కడే కప్పడి పోతుంది. పుస్తకంలో ఉన్న తప్పు పుస్తకంలో ఉన్నంతకాలం కనీసం చేతిరాతైనా సాక్ష్యం చెబుతుంది. కంప్యూటరు కెక్కిన తప్పు అచ్చుకాగితం మీద అందంగా వస్తుంది. దాన్ని ఎవరూ అనుమానించరు.

పేర్ల తంటా మరొకటి. ఒకే ఊళ్ళో ఒకే పేరు గల రైతులు నలుగురుంటారు. కార్యదర్శికి నలుగురూ తెలుసు. ‘చెరువు కింద అతను’, ‘పడమటి వీధి అతను’ అని గుర్తు పెట్టుకుంటాడు. పుస్తకంలో ఇంటి పేరు మొదటి అక్షరం ఒక్కటే ఉంటుంది. లెక్కలు ఎక్కించడానికి వచ్చిన పట్నం కుర్రవాడికి ఆ సంగతులేమీ తెలియవు. ఒకరి బాకీ ఇంకొకరి తల మీద పడడానికి ఆ ఒక్క అక్షరం చాలు. తండ్రి పేరు, ఆధార్, భూమి సర్వే నెంబరు సరిపోల్చుకుంటేనే ఈ ప్రమాదం తప్పుతుంది. చనిపోయిన సభ్యుల ఖాతాలు, వారసుల పేరు మారని వాటాలు, ఊరు విడిచి వెళ్ళిన వారి బాకీలు ఇవన్నీ ఈ సమయంలోనే తేల్చుకోవలసినవి.

ఒక్క తేదీ విలువ మూడు వేలు

తేదీల సంగతి ఇంకా ముఖ్యం. పంట రుణం 3 లక్షల వరకు 7 శాతం వడ్డీకి ఇస్తారు. గడువులోగా తీర్చిన రైతుకు కేంద్రం మరో 3 శాతం తగ్గింపు ఇస్తుంది. అంటే నికరంగా 4 శాతమే పడుతుంది. లక్ష రూపాయల అప్పు మీద ఏడాదికి 7 వేలు కట్టవలసిన చోట 4 వేలతో సరిపోతుంది. తేడా 3 వేలు.

ఈ 3 వేలు నిలిచేదీ, పోయేదీ ఒక్క తేదీ మీద ఆధారపడి ఉంది. అప్పు ఇచ్చిన తేదీ తప్పు పడినా, వాయిదా కట్టిన తేదీ తప్పు పడినా, కంప్యూటరు ఆ రైతును గడువు తప్పిన వాడి కింద జమ కడుతుంది. కార్యదర్శికి రైతు కట్టిన సంగతి తెలిసినా, యంత్రం లెక్క వేసిన వడ్డీని తన చేత్తో మార్చలేడు. అందుకే పాత లెక్క ఎక్కించేటప్పుడే సరిచూసుకోవాలి. తర్వాత మొత్తుకుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

బ్యాంకులు నడిచిన దారి

ఇటువంటి మార్పు మన దేశానికి కొత్త కాదు. బ్యాంకుల్లో యంత్రాలు పెట్టడంపై 1983లో యాజమాన్యాలకూ, ఉద్యోగ సంఘాలకూ ఒప్పందం కుదిరింది. 1984లో రంగరాజన్ సంఘం నివేదిక ఇచ్చింది. ఉద్యోగాలు పోతాయన్న భయం అప్పట్లో బలంగా ఉండేది. అందుకే మొదట శాఖల్లో ఖాతాలు నమోదు చేసే చిన్న యంత్రాలు వచ్చాయి. తర్వాత శాఖకొక కంప్యూటరు ఏర్పాటు. ఆ తర్వాత అన్ని శాఖలూ ఒకే కేంద్రానికి ముడిపడిన ఏర్పాటు. ఈ మూడో మెట్టు ఎక్కాకే ఒక ఊళ్ళో ఖాతా ఉన్న మనిషి ఇంకో ఊళ్ళో డబ్బు తీసుకోగలిగాడు. ఒక్క రోజులో దేశమంతా మారలేదు. కొన్ని శాఖలు మార్చి, అక్కడ వచ్చిన తప్పులు దిద్దుకుని, మరికొన్ని శాఖలు మార్చుతూ ఏళ్ళ తరబడి సాగిన పని అది.

రైల్వే రిజర్వేషన్ కథ కూడా ఇలాంటిదే. ఒకప్పుడు తిరుగు ప్రయాణానికి బెర్తు కావాలంటే అవతలి స్టేషనుకు తంతి పంపి, జవాబు కోసం ఎదురు చూడవలసి వచ్చేది. 1986లో ఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషన్ వచ్చింది. తర్వాత పెద్ద నగరాలకు వచ్చింది. అయితే ఏ నగరం కంప్యూటరు ఆ నగరానిదే. ఒకదానికొకటి పలకరింపు లేదు. అన్నిటినీ కలపగల కొత్త సాఫ్టువేరును రైల్వే వారి సొంత సంస్థే తయారు చేసింది. దాన్ని మొట్టమొదట పెట్టింది మన సికిందరాబాదులోనే, 1994లో. అక్కడ నిలదొక్కుకున్నాకే తక్కిన నగరాలకు తీసుకెళ్ళారు. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసు, సికిందరాబాదు ఒక్కటయ్యాయి. మన సంఘాల్లాగే వేర్వేరుగా ఉన్న ఏర్పాట్లను ఒక్కటి చేసిన పని అది. ముందు ఒక్క చోట పెట్టి చూశారు. అయిదింటినీ ఒకేసారి కదిపి ఉంటే, తప్పు ఎక్కడుందో వెతుక్కోవడానికే దేశమంతా ఆగిపోయేది.

ఒక్క ఆదివారంలో మార్చబోయి

తొందరపడితే ఏమవుతుందో ఇంగ్లండులోని టీఎస్‌బీ బ్యాంకు చూసింది. ఆ బ్యాంకు లెక్కలు అంతకు ముందు వేరే పెద్ద బ్యాంకు కంప్యూటర్లలో ఉండేవి. వాటిని తన కొత్త ఏర్పాటులోకి మార్చుకోవాలని 2018 ఏప్రిల్‌లో ఒక వారాంతం ముహూర్తం పెట్టుకుంది. సుమారు 52 లక్షల మంది ఖాతాదార్ల వివరాలు ఒక్కసారే మార్చేశారు. అంకెలు చేరవలసిన చోటికి చేరాయి. కానీ ఆ బరువు మోయడానికి కొత్త ఏర్పాటు సిద్ధంగా లేదు. సోమవారం నాటికి లక్షల మంది తమ ఖాతాలు చూసుకోలేకపోయారు. జీతాలు, అద్దెలు, బిల్లులు నిలిచిపోయాయి. ఆ గందరగోళంలో మోసగాళ్ళు కూడా చేతివాటం చూపారు. పరిస్థితి పూర్తిగా కుదుటపడే సరికి ఆ ఏడాది డిసెంబరు వచ్చింది. 2022లో అక్కడి నియంత్రణ సంస్థలు ఆ బ్యాంకుకు 4 కోట్ల 86 లక్షల పౌండ్లకు పైగా జరిమానా వేశాయి.

ముహూర్తం ముందే ప్రకటించుకుని, పని అయినా కాకున్నా ఆ రోజుకే పల్లకి ఎత్తాలనుకోవడం వల్ల వచ్చిన తిప్పలు ఇవి. మార్పు తేదీ కన్నా సరిచూసుకోవడం ముఖ్యం. పరీక్షలో తప్పు తేలితే తేదీ వాయిదా వేసుకోవడం నామోషీ కాదు.

తపాలా మేనేజర్ల గోడు

అంతకన్నా ఘోరమైన కథ కూడా ఆ దేశంలోనే జరిగింది. అది ప్రతి సంఘం పాలకవర్గమూ, ప్రతి కార్యదర్శీ తెలుసుకోదగినది.

బ్రిటన్ పల్లెల్లో చిన్న చిన్న తపాలా కార్యాలయాలు ఉంటాయి. చాలా చోట్ల కిరాణా దుకాణంలోనే ఒక పక్కన తపాలా బల్ల. దాన్ని నడిపే వారిని సబ్ పోస్టుమాస్టర్లంటారు. ఊరి పింఛన్లు, పొదుపు, బిల్లులు అన్నీ వారి చేతి మీదుగానే. 1999 నుంచి వారి చేతిరాత లెక్కలను తీసేసి ‘హొరైజన్’ అనే కంప్యూటరు ఏర్పాటు పెట్టారు.

కొద్ది రోజులకే విచిత్రాలు మొదలయ్యాయి. సాయంత్రం లెక్క చూసుకుంటే డబ్బు తగ్గిందని కంప్యూటరు చూపేది. పెట్టెలో డబ్బు సరిగానే ఉండేది. ఫోను చేసి అడిగితే తేడా మీరే కట్టుకోవాలనేవారు. వారి ఒప్పందంలోనూ అదే ఉంది. కొందరు ఇళ్ళు తాకట్టు పెట్టి కట్టారు. కొందరు కట్టలేక దివాలా తీశారు. దొంగతనం, మోసం, తప్పుడు లెక్కలు అంటూ వారి మీద కేసులు పెట్టారు. 1999కీ 2015కీ మధ్య 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. గర్భిణిగా ఉండగా జైలుకు వెళ్ళిన ఆమె ఉంది. ఊళ్ళో తలెత్తుకోలేక కుమిలిపోయిన వారు ఎందరో. కనీసం 13 మంది ఆత్మహత్యలకు ఈ వ్యవహారంతో సంబంధం ఉండవచ్చునని 2025లో వెలువడిన విచారణ నివేదిక చెప్పింది.

దోషం మనుషులది కాదు, సాఫ్టువేరుదని 2019లో లండన్ హైకోర్టు తేల్చింది. దూరాన కూర్చున్న సాంకేతిక సిబ్బంది శాఖల లెక్కల్లో తామే మార్పులు చేయగలిగేవారని కూడా బయటపడింది. అంతవరకూ అది సాధ్యం కాదనే చెబుతూ వచ్చారు. 2021లో అప్పీలు కోర్టు 39 మంది శిక్షలను కొట్టివేసింది. 2024లో పార్లమెంటే చట్టం చేసి మిగిలిన శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేసింది. న్యాయం దొరికే సరికి చాలా మందికి వయసు అయిపోయింది. కొందరు చనిపోయారు.

వందల మంది వేర్వేరు ఊళ్ళలో ఒకే మాట చెప్పారు. ‘లెక్క తప్పింది నేను కాదు’ అన్నారు. ప్రతి ఒక్కరికీ ‘ఇటువంటి ఇబ్బంది మీ ఒక్కరికే వచ్చింది’ అని జవాబిచ్చారు. అందరినీ ఒక చోట కూర్చోబెట్టి విని ఉంటే మొదటి ఏడాదే గుట్టు తేలేది. యంత్రం మాట వేదవాక్కు అనుకోవడంలో ఉన్న ప్రమాదం ఇది. కంప్యూటరు తప్పు చేయదనే మాట సగమే నిజం. అది చెప్పినట్టు చేస్తుంది. చెప్పిన వాడు తప్పు చెబితే, ఆ తప్పునే పదివేల సార్లు అలసట లేకుండా చేస్తుంది.

పాతదంతా పనికిరానిది కాదు

పాత కంప్యూటరు ఏర్పాటును చూసి నవ్వనక్కరలేదు. ఏళ్ళ తరబడి వాడిన పాత సాఫ్టువేరులో ఆ వ్యాపారం మెలకువలన్నీ ఇమిడి ఉంటాయి. ఏ పంటకు ఎంత గడువు, ఎవరికి ఏ రాయితీ, సెలవు రోజున గడువు పడితే ఏం చెయ్యాలి, ఇవన్నీ ఎవరో ఒకప్పుడు ఆలోచించి అందులో రాసినవే. రాసిన వారు వెళ్ళిపోయాక దాన్ని అర్థం చేసుకునే వారు ఉండరు.

2000 సంవత్సరం రాబోతుండగా ప్రపంచం పడ్డ భయం చాలా మందికి గుర్తుండే ఉంటుంది. పూర్వం కంప్యూటర్లలో జ్ఞాపక స్థలం ఖరీదైనది. అందుకని సంవత్సరానికి రెండు అంకెలే వాడేవారు. 99 తర్వాత 00 వస్తే, యంత్రం దాన్ని 1900 అనుకునే ప్రమాదం ఏర్పడింది. వడ్డీలు, పింఛన్లు, గడువులు అన్నీ తారుమారవుతాయి. అమెరికా బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో కోబాల్ అనే పాత భాషలో రాసిన లక్షల వరుసలను ఒక్కొక్కటీ చదివి దిద్దవలసి వచ్చింది. ఆ పనికి వేల మంది భారతీయ ఇంజనీర్లు కుదిరారు. వారిలో తెలుగువారు తక్కువేమీ కాదు. మన పల్లెల నుంచి అమెరికా వెళ్ళిన మొదటి తరం కంప్యూటరు ఉద్యోగుల్లో పలువురికి దారి చూపింది ఆ పాత లెక్కల మరమ్మత్తే.

అప్పుడు పాతదాన్ని పారెయ్యలేదు. చదివి, అర్థం చేసుకుని, చెడిన చోటే దిద్దారు. కొత్త ఏర్పాటు పెట్టేటప్పుడూ అంతే. ముందు పాత పద్ధతి ఎందుకు అలా ఉందో అడగాలి. సంఘంలో ముప్పయ్యేళ్ళు పనిచేసిన గుమాస్తాకు తెలిసిన సంగతులు సాఫ్టువేరు రాసిన వారికి తెలియవు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకున్న చోట పని సాఫీగా సాగుతుంది. ఆయన్ని పక్కకు నెట్టిన చోట మళ్ళీ మొదటికొస్తుంది.

తెలుగు నేల మీద తాజా మార్పులు

మన ప్రాంతంలో ఇటువంటి మార్పులు వరుసగా వచ్చాయి. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఖాతాలు కొత్త ఏర్పాటులోకి మారాయి. పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్లకు, చెక్కులకు 2021 మార్చి 31 వరకే గడువిచ్చారు. ఆ తర్వాత పాత కోడు రాసి డబ్బు పంపితే చేరదు.

గ్రామీణ బ్యాంకులూ మారాయి. 2025 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో చేరాయి. 2025 మే 1న చైతన్య గోదావరి, ఆంధ్ర ప్రగతి, సప్తగిరి, ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులు నాలుగూ కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. ఈ నాలుగింటికీ అండగా ఉన్న పెద్ద బ్యాంకులు నాలుగూ వేర్వేరు. బోర్డు మార్చడం ఒక పూట పని. నాలుగు చోట్ల నాలుగు రకాలుగా ఉన్న లెక్కలను ఒక తీరుకు తేవడం అసలు పని. పింఛను, పంట సాయం, ఉపాధి కూలి, డ్వాక్రా పొదుపు వంటివన్నీ ఈ ఖాతాల్లోనే పడతాయి కనుక, ఇక్కడ ఒక్క రోజు అంతరాయం వచ్చినా ఇబ్బంది పడేది కూలీ నాలీ చేసుకునే జనమే.

మేలు ఎక్కడుంది?

ఇన్ని చిక్కులుంటే మార్పు ఎందుకు అనే వారూ ఉన్నారు. మార్పు లేకపోతే వచ్చే నష్టం కూడా తక్కువది కాదు. పుస్తకాల లెక్క కార్యదర్శి బీరువాలో ఉంటుంది. బీరువా తాళం ఆయన మొలతాడుకు ఉంటుంది. రైతు తన బాకీ ఎంతో తెలుసుకోవాలంటే ఆయన తీరిక చూసుకోవాలి. లేని మనుషుల పేర అప్పులు, తీరిన అప్పు తీరనట్టు రాతలు, నగల తాకట్టులో గోల్‌మాల్, వీటి మీద విచారణలు గతంలో ఎన్నో సంఘాల్లో జరిగాయి. తనిఖీ అధికారి ఏడాదికోసారి వచ్చే సరికి జరగవలసింది జరిగిపోయేది.

కొత్త ఏర్పాటు సవ్యంగా నడిస్తే ఏ రోజు లెక్క ఆ రోజే ముగించాలి. ముగించకపోతే మర్నాడు పని మొదలు కాదు. ఆనాటి లెక్క జిల్లా బ్యాంకుకు ఆనాడే కనిపిస్తుంది. అప్పు మంజూరు కోసం కాగితాలు మోసుకు తిరిగే తిప్పలు తగ్గుతాయి. వెనుక తేదీ వేసి రాయడం అంత తేలిక కాదు. ఎవరు ఏ పద్దు మార్చారో జాడ ఉండిపోతుంది. ఎరువుల నిల్వ ఎంత ఉందో, ఎన్ని బస్తాలు ఎవరికి వెళ్ళాయో దాచడం కుదరదు. ఈ మేళ్ళన్నీ రావాలంటే ఒక షరతుంది. మొదటి రోజు ఎక్కించిన లెక్క నిజమైనదై ఉండాలి.

పని సవ్యంగా జరిగే తీరు

మార్పు నిలదొక్కుకున్న చోట్ల పని ఒక వరసలో జరుగుతుంది. మొదట పాత పుస్తకాలను ఒక తేదీకి ముగించి, రెండు పక్కలా సరిచూసి, తనిఖీ చేయించాలి. తర్వాత ఒక్కొక్క సభ్యుని వివరాలు ఎక్కించాలి. ఎక్కించిన వారొకరు, సరిచూసే వారు ఇంకొకరు అయి ఉండాలి. ఆ పైన కొన్నాళ్ళు పుస్తకంలోనూ, కంప్యూటరులోనూ రెండు చోట్లా రాయాలి. ఇది సిబ్బందికి రెట్టింపు చాకిరీ. అయినా సాయంత్రానికి రెండు లెక్కలూ ఒక్కటిగా వస్తున్నాయా లేదా అన్నది తేలేది ఇక్కడే. వరుసగా సరిపోతున్నాయని నమ్మకం కుదిరాకే పుస్తకం కట్టిపెట్టాలి. కట్టిపెట్టిన పుస్తకాన్ని కూడా పారెయ్యకూడదు. రేపు వివాదం వస్తే అదే సాక్షి.

కరెంటు, ఇంటర్నెట్ సంగతి కూడా ముందే చూసుకోవాలి. విత్తనాల వేళ, ఎరువుల వేళ లైను పడిపోతే సంఘం ముందు చాంతాడంత వరుస నిలుస్తుంది. అటువంటి రోజు ఏం చెయ్యాలో, చేతిరాత రశీదు ఇవ్వవచ్చునా, దాన్ని తర్వాత ఎప్పుడు ఎక్కించాలో రాతపూర్వకంగా ఉండాలి. సిబ్బందికి నేర్పించడం ఒక్క పూట శిక్షణతో తీరేది కాదు. మొదటి పంట కాలమంతా అడిగితే చెప్పే మనిషి అందుబాటులో ఉండాలి. పంట రుణాలు జోరుగా ఇచ్చే రోజుల్లో మార్పు పెట్టుకోవడం కన్నా, పని పలచగా ఉన్న నెలలు చూసుకోవడం తెలివైన పని.

రైతు చేయవలసినవి

ఇదంతా సంఘం పని, మనకెందుకు అని రైతు ఊరుకోరాదు. మార్పు జరిగే ముందు తన బాకీ ఎంత, వడ్డీ ఎంత, వాటా ధనం ఎంత, డిపాజిట్టు ఎంత అన్నది కాగితం మీద సంతకం, ముద్రతో తీసుకోవాలి. పాస్ పుస్తకంలో పద్దులన్నీ రాయించుకోవాలి. పాత రశీదులు ఒక్కటి కూడా పారెయ్యకూడదు. మార్పు జరిగిన తర్వాత అచ్చు కాగితం తీసుకుని, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. చదువు రాని వారు ఇంట్లో చదువుకునే పిల్లల చేత చూపించుకోవాలి.

పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా, సర్వే నెంబరు, ఎకరాలు సరిగా ఉన్నాయా, నామినీ పేరు ఉందా అని అడగాలి. అప్పు తీసుకున్న తేదీ, గడువు తేదీ రెండూ ప్రత్యేకంగా చూడాలి. బంగారం కుదువ పెట్టిన వారు నగల సంఖ్య, తూకం రశీదుతో పోల్చుకోవాలి. తేడా కనిపిస్తే నోటి మాటతో సరిపెట్టుకోక అర్జీ రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి.

సర్వసభ్య సమావేశాన్ని చాలా మంది టీ బిస్కట్ల సమావేశంగా చూస్తారు. ఈ ఏడాది మాత్రం అక్కడ ఒక్క ప్రశ్న తప్పక అడగాలి. ‘కంప్యూటరు కెక్కిన రోజున అనామతు ఖాతాలో ఎంత వేశారు, ఎందుకు వేశారు?’ దానికి సూటిగా జవాబు వచ్చిన సంఘంలో లెక్క బాగున్నట్టే.

ఇంకొక జాగ్రత్త. మార్పు జరిగే రోజుల్లోనే మోసగాళ్ళు ఫోన్లు చేస్తారు. ‘మీ ఖాతా కొత్త కంప్యూటరులోకి మారుతోంది, ఫోనుకు వచ్చిన నెంబరు చెప్పండి’ అంటారు. ఏ బ్యాంకూ, ఏ సంఘమూ ఆ నెంబరు అడగదు. చెప్పి మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 నెంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

పాలకవర్గాలూ ఒక మాట గుర్తుంచుకోవాలి. కొత్త ఏర్పాటులో మొదటిసారి తేడా వచ్చినప్పుడు కార్యదర్శినో, గుమాస్తానో దొంగను చేసి నిలబెట్టడం సులువు. పక్క సంఘాల్లోనూ అటువంటి తేడా వచ్చిందా అని అడిగి చూడాలి. పుస్తకం, కంప్యూటరు, పెట్టెలోని రొక్కం మూడూ సరిచూసిన తర్వాతే మాట అనాలి. తప్పు మనిషిదైతే శిక్షించాలి. యంత్రానిదైతే దిద్దించాలి. ఏదో తెలియకుండా తీర్పు చెప్పరాదు.